వడగళ్ల పసుపు

మా అత్త నజిబ్రోలా
ఉల్లిపొట్టును చలికాలం నుంచీ దాస్తుంది.
పిండి సంచుల్లో, మంచం కింద,
ఒక ఏడాది నా పెళ్లి బూట్ల డబ్బాలో కూడా.
అడిగితే,
"ద్రాక్షకోత పండక్కి బల్లమీద పరిచే గుడ్డ
బజారు రంగుదైతే
తిన్నది ఒంటబట్టదు" అంటుంది.

అలజాని లోయ ఇంకా కళ్లు నులుముకుంటుండగానే
పెరట్లో రాగికాగు పొయ్యెక్కుతుంది.
పటిక నీళ్లలో నానిన ఉన్ని పట్టీలు
తడిసిన గొర్రెపిల్లల్లా వాసనేస్తుంటాయి.
మొదట ఉల్లిపొట్టు:
తేనెకీ కొత్త ఇత్తడికీ మధ్య ఎక్కడో ఆగే రంగు.
తర్వాత, మూడేళ్లు మట్టిలో ఓర్చుకున్న మంజిష్ఠ వేరు.
దాన్ని తొందరపెట్టకూడదు.
నీళ్లు తెర్లాయో,
ఎరుపు అలిగి ఇటికరాయి అయిపోతుంది.
పచ్చి అక్రోటు తొక్క ఆ తర్వాత.
అది ఉన్నితోపాటు మనుషుల్నీ అద్దేస్తుంది,
క్రిస్మస్ దాకా నా చేతులు బొగ్గుదొంగవి.

ఆఖరున సపెరవి ద్రాక్ష పిప్పి.
తొట్టిలో తొక్కగా మిగిలిన నల్లతోలు.
నిలవని ఊదా,
రెండు ఉతుకులకే వెలిసిపోతుంది.
అదెందుకని ఒకసారి అన్నాను.
"మిగతావి రంగులు. ఇది పండగ" అంది.

ఈ ఏడు ఆగస్టులో ఒక సాయంత్రం
ఆకాశం పదకొండు నిమిషాలు రాళ్లు రువ్వింది.
కొండమీంచి మేఘాల్లోకి రాకెట్లు పేల్చారు.
మేఘాలు లెక్కచెయ్యలేదు.
మా ఆయన బద్రి తోటలోకి వెళ్లి
ఒక్క గుత్తితో తిరిగొచ్చాడు.
అందులో మూడు పళ్లు.
కిటికీ గట్టుమీద పెట్టాడు.
ఎవరం తినలేదు. అక్కడే ఎండిపోయాయి.

నేలలో మెడదాకా పాతిన పెద్ద మట్టిజాడీని
కడగాల్సిన పని లేకపోయినా
లోపలికి దిగి, చెర్రీబెరడుతో తోమాడు.
అడుగునుంచి దగ్గు వినిపించింది.
దగ్గేననుకున్నాను.

అక్టోబరు వచ్చింది. కాగు పొయ్యెక్కింది.
"ఏం పెట్టి ఉడకేస్తావిప్పుడు?" అన్నాను,
కటువుగానే అన్నాను, ఒప్పుకుంటాను.
అత్త మాట్లాడకుండా గోనెసంచి కుమ్మరించింది:
వడగళ్లు చీల్చిన ద్రాక్షాకులు,
విరిగిన రెమ్మలు, గిట్టకట్టిన నులితీగలు,
సంచి అడుగున నాలుగు నత్తగుల్లలు.

రెండు గంటలు కలియబెట్టాను.
ముందు మురికికాలవ. తర్వాత చల్లారిన టీ.
పట్టీ ముంచి పైకెత్తితే,
పసుపే,
కానీ ఉల్లిపొట్టులా నవ్వే రకం కాదు.
జ్వరం దిగిన మర్నాడు
గోడకి ఆనుకుని ఎండలో కూచున్న మనిషి మెడ
అలా ఉంటుంది.
మా చిన్నది తమ్తా వేలుపెట్టి చూసి
"వడగళ్ల పసుపు" అంది.
ఆ పేరు అంటుకుపోయింది,
అక్రోటు మరకలాగే.

రోడ్డుకి అవతల గెదెవాన్ తోటలో
ఒక్క ఆకు చిరగలేదు.
వడగళ్లకీ హద్దురాళ్లు తెలుసేమో.
పండగ ముందురాత్రి రెండు బకెట్ల ద్రాక్ష
మా గేటు లోపల పెట్టి, కుక్క మొరిగేలోపు వెళ్లిపోయాడు.
బద్రి వాటిని తొక్కి, పిప్పితో సహా
వెయ్యి లీటర్ల జాడీలో పోశాడు.
చాలా కిందనుంచి వచ్చింది చప్పుడు.
పిప్పి కావాలని అత్త అడగలేదు.

అక్రోటుచెట్టు కింద బల్ల వేశాం.
తేనెరంగు, మంజిష్ఠ, మట్టిగోధుమ, వడగళ్ల పసుపు,
చివర ఏ రంగూ వెయ్యని ఒక తెల్ల పట్టీ.
దాని గురించి ఎవరూ ఏమీ అనకుండా
రొట్టెలు దానిమీద పెట్టకుండా
జాగ్రత్తగా తిన్నాం.

మూడో గ్లాసుకి గెదెవాన్ లేచాడు,
ఏదో చెప్పబోయి, మాట దొరక్క చెయ్యి ఊపాడు.
నిరుటి సపెరవి అంతా
తెల్ల పట్టీ మీద.

అత్త వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది,
వాళ్ల తాతతో మొదలుపెట్టి.
"ఉప్పు తే, ఆరకముందే!" అని నామీద అరిచింది.

ఉప్పు ఎక్కడుందో నాకు తెలుసు.
లోపల చాలాసేపు వెతికాను.